వ్రేలికిని యంత్రమునకును నడుమ: లిబ్‌ఇన్‌పుట్ చరిత్ర

టైపు మిషను మీద ‘క’ అను మీటను నొక్కినచో, దానికి తగిలించిన ఇనుపకడ్డీ పైకి లేచును. కడ్డీ కొనయందలి అచ్చు సిరాపట్టీని తాకి కాగితము మీద ‘క’ను ముద్రించును. మీటకును అక్షరమునకును నడుమ నున్నది లోహమే. అక్కడ ఎవరును దేనిని ఊహింప నక్కరలేదు. దేనికిని అర్థము చెప్ప నక్కరలేదు.

కంప్యూటరులో ఆ కడ్డీ లేదు. మీట నొక్కినప్పుడు యంత్రములోనికి పోవునది అక్షరము కాదు, ఒక అంకె మాత్రమే. మౌస్‌ను జరిపినప్పుడు పోవునది ‘ఇంత ప్రక్కకు, ఇంత ముందుకు’ అను కొలత మాత్రమే. టచ్‌ప్యాడ్ మీద వ్రేలు ఉంచినప్పుడు పోవునది ఆ వ్రేలున్న చోటు మాత్రమే. ఈ అంకెలకు అర్థము చెప్పు దుబాసి యొకడు నడుమ కావలెను. ఆ పని ఎవరు చేయవలెను? ప్రతి ప్రోగ్రామును తన కొరకు తానే చేసికొనవలెనా? పరికరమును తయారుచేసిన కంపెనీ చేయవలెనా? లేక అందరికిని కలిపి ఒకే చోట జరుగవలెనా? అరువది ఏండ్లుగా ఈ ప్రశ్నకు పలువురు పలు విధముల సమాధానము చెప్పుచు వచ్చిరి. లినక్స్ కంప్యూటర్లలో ఆ సమాధానము నేడు లిబ్‌ఇన్‌పుట్ అను పేరుతో నున్నది.

మౌస్ పుట్టుక

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థయందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను ఇంజనీరు, మనుష్యుని బుద్ధికి కంప్యూటరును తోడుగా నిలుపుట ఎట్లు అను విషయమును పరిశోధించుచుండెను. ఆయన ఊహ ననుసరించి 1964లో సహచరుడు బిల్ ఇంగ్లిష్ చిన్న కొయ్యపెట్టె నొకదానిని తయారుచేసెను. దాని అడుగున ఒకదానికొకటి లంబముగా రెండు చక్రములు, పైన ఒక బొత్తాము ఉండెను. పెట్టెను బల్ల మీద జరిపినప్పుడు ఒక చక్రము అడ్డపు కదలికను, రెండవది నిలువు కదలికను కొలుచును. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన సభలో ఎంగెల్‌బార్ట్ దీనిని బహిరంగముగా ప్రదర్శించెను. 1970లో పేటెంటు లభించెను.

ఆ బృందమునకు దుబాసి సమస్య పెద్దగా ఎదురు కాలేదు. మౌస్‌ను చేసినవారును, దాని అంకెలను చదువు ప్రోగ్రామును వ్రాసినవారును ఒకే గదిలోనివారు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధకులు నిర్మించిన ఆల్టోకును, 1984లో ఆపిల్ కంపెనీ విడుదల చేసిన మాకింటాష్‌కును ఇదే వర్తించును. కంప్యూటరును, మౌస్‌ను, ప్రోగ్రామును ఒకే యింటివారు సిద్ధపరచినప్పుడు ఒకరి మాట మరియొకరికి తెలియుట కష్టము కాదు. యంత్రము ఒకరిది, పరికరము మరియొకరిది, ప్రోగ్రాము వేరొకరిది అయినప్పుడు చిక్కు మొదలయ్యెను.

పలు భాషల సంత

1981లో ఐ.బి.యమ్. కంపెనీ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. దానికి తగిలించు పరికరములను ఎవరైనను తయారుచేయవచ్చును. అనేకులు చేసిరి, కాని ఒక్కొక్కరి మౌస్ ఒక్కొక్క భాష మాటలాడసాగెను. మైక్రోసాఫ్ట్ కంపెనీ మౌస్ ఒక్కొక్క కదలికను మూడు బైట్ల మూటగా కట్టి పంపును. మౌస్ సిస్టమ్స్ అను కంపెనీ మౌస్ అదే సమాచారమును అయిదు బైట్లుగా పంపును. 1987లో ఐ.బి.యమ్. తెచ్చిన పి.ఎస్./2 పద్ధతిలో మరల మూడు బైట్లే, కాని వాటి అమరిక వేరు. 1996లో మైక్రోసాఫ్ట్ నడుమ చక్రముగల మౌస్‌ను విడుదల చేసినప్పుడు, చక్రము తిరిగిన సంగతి చెప్పుటకు నాలుగవ బైటు వచ్చి చేరెను.

డాస్ వ్యవస్థలో దీనికి ఒక ఉపాయము ఏర్పడెను. మౌస్‌తో పాటు కంపెనీ ఒక డ్రైవరు ప్రోగ్రామును ఇచ్చును. మిగిలిన ప్రోగ్రాములు తాము బైట్లను విప్పి చూడక, ‘బాణపు గుర్తు ఎక్కడ నున్నది? బొత్తాము నొక్కియున్నదా?’ అని ఆ డ్రైవరునే అడుగును. దుబాసిని వేరుగా నిలుపుట వలని లాభము ఇక్కడ స్పష్టమగుచున్నది: బొమ్మలు వేయు ప్రోగ్రామును వ్రాయువాడు మౌస్ భాషలను నేర్వ నక్కరలేదు.

యూనిక్స్ యంత్రముల లోకములో, 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఎక్స్ విండో వ్యవస్థ పుట్టెను. దాని పదునొకండవ రూపము 1987లో వెలువడెను. ఇందులో ఎక్స్ సర్వరు అను ప్రోగ్రాము నడుమ కూర్చుండి, మీటల నుండియు మౌస్ నుండియు వచ్చు అంకెలను పుచ్చుకొని, ఆయా ప్రోగ్రాములకు పంచిపెట్టును. 1990ల దశకములో లినక్స్ నడచు పర్సనల్ కంప్యూటర్లకు ఎక్స్‌ఫ్రీ86 అను రూపములో ఇది చేరెను. అయితే తగిలించిన మౌస్ ఏ భాష మాటలాడునో సర్వరునకు చెప్పవలసిన బాధ్యత వినియోగదారునిది. ఆ భాష పేరును ఒక ఫైలులో అతడే స్వహస్తముతో వ్రాయవలెను. తప్పు వ్రాసినచో బాణపు గుర్తు తెర మూలకు పోయి అంటుకొనును. లేదా చేతితో సంబంధము లేకుండ ఎగురును.

చక్రము వచ్చినప్పుడు చిక్కు మరింత పెరిగెను. 1987నాటి ఎక్స్ ఒడంబడికలో చక్రము అను మాటయే లేదు. బొత్తాములు మాత్రమే కలవు. కావున చక్రమును ఒక పన్ను పైకి త్రిప్పినచో నాలుగవ బొత్తామును నొక్కి వదలినట్లును, క్రిందికి త్రిప్పినచో అయిదవ బొత్తామును నొక్కి వదలినట్లును లెక్క వేసిరి. ఆనాటికి పని జరిగెను. కాని బొత్తాము నొక్కుటలో ‘సగము’ అనునది లేదు. చేయి ఎంత మెల్లగా త్రిప్పినను పుట మెట్లు మెట్లుగానే జరుగును. దుబాసికి తెలియని మాటను వక్త ఎంత స్పష్టముగా పలికినను శ్రోతకు చేరదు గదా!

అంకెల ఒడంబడిక

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ కెర్నలులో ఈ గందరగోళమును తగ్గించుటకు వొయ్త్యెఖ్ పావ్లీక్ అను చెక్ దేశీయుడు ఒక ఇన్‌పుట్ విభాగమును నిర్మించెను. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నలు నాటికి అది కుదురుకొనెను. పరికరము ఏ కంపెనీదైనను, ఏ తీగ గుండా వచ్చినను, ప్రతి సంఘటనను కెర్నలు ఒకే రూపములో చెప్పును: జరిగిన కాలము, సంఘటన జాతి, దాని సంకేతాంకము, దాని విలువ. మీట నొక్కినచో విలువ 1, వదలినచో 0. అంతకు ముందే, 1996లో వచ్చిన యు.ఎస్.బి. పద్ధతిలో, తగిలించినంతనే పరికరము ‘నాకు ఇన్ని బొత్తాములు కలవు, ఒక చక్రము కలదు’ అని తన్ను తానే వర్ణించుకొను ఏర్పాటు కలిగెను. వినియోగదారుడు ఫైలులో మౌస్ భాష పేరు వ్రాయవలసిన రోజులు దీనితో ముగింపునకు వచ్చినవి.

ఈ ఒడంబడిక విలువ తెలుగు టైపు చేయువారికి ప్రత్యక్షముగా కనబడును. ఇంగ్లీషు కీబోర్డు మీద ‘కె’ అని వ్రాసియున్న మీటకు లినక్స్ ఇచ్చిన సంకేతాంకము 37. అది చోటుకు పెట్టిన అంకెయే గాని అక్షరమునకు పెట్టినది కాదు. ఆ అంకెను అక్షరముగా మార్చు పట్టిక వేరుగా నుండును. ఇంగ్లీషు పట్టిక పెట్టినచో 37 ‘కె’ అగును. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అదే 37 తెలుగు పట్టిక ప్రకారము ‘క’ అగును. కన్నడ పట్టికలోను, హిందీ పట్టికలోను ఆయా లిపుల క-కారమే అగును. ‘హెచ్’ మీట యొక్క 35వ అంకె ‘ప’ అగును. మీట చేసిన కంపెనీకి తెలుగు రానక్కరలేదు. తెలుగు పట్టిక వ్రాసినవారికి ఆ కంపెనీ పేరు తెలియనక్కరలేదు. ఒక్కొక్కరు తమకు తెలిసిన దానిని మాత్రమే చెప్పుదురు.

టచ్‌ప్యాడ్ తెచ్చిన చిక్కు

మీటల విషయములో ఇంతటితో కథ ముగిసియుండును. కాని ఒడిలో పెట్టుకొను లాప్‌టాప్ కంప్యూటర్లు వచ్చినవి. 1994లో ఆపిల్ తన పవర్‌బుక్ 500 తరగతి యంత్రములలో టచ్‌ప్యాడ్‌ను అమర్చెను. మొదటి మైక్రోప్రాసెసర్ నిర్మాతలలో నొకడైన ఫెదెరికో ఫాజిన్, శాస్త్రవేత్త కార్వర్ మీడ్ 1986లో స్థాపించిన సినాప్టిక్స్ కంపెనీ పలకలు అనేక కంపెనీల యంత్రములలో చేరినవి. ఈ పలక క్రింద సన్నని విద్యుద్వాహకముల వల యుండును. వ్రేలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ చోట విద్యుద్ధారణ మారును; ఆ మార్పును బట్టి వ్రేలున్న చోటు తెలియును.

చోటు తెలియును గాని ఉద్దేశము తెలియదు. వ్రేలు తాకి, కదలక, వెంటనే లేచినచో అది బొత్తాము నొక్కినట్లు. తాకి కదలినచో బాణపు గుర్తును జరుపుట. రెండు వ్రేళ్లు కలిసి కదలినచో పుటను జరుపుట. టైపు చేయుచుండగా అరచేయి అంచు ఒరసికొన్నచో, అది ఏమియు కాదు. కెర్నలు ఈ నాలుగింటికిని చెప్పునది ఒకటే: ‘ఇక్కడ స్పర్శ కలదు.’ మీట విషయమున దుబాసి అంకెను అక్షరముగా మార్చిన చాలును. ఇక్కడ అతడు మనిషి మనస్సును కనిపెట్టవలెను.

ఎక్స్ వ్యవస్థకు ఈ పని కొరకు ఒక ప్రత్యేక డ్రైవరు పుట్టి, సినాప్టిక్స్ పేరుతోనే వాడుకలో నిలిచెను. పలకలు మారిన కొలది అందులో పదుల కొలది సర్దుబాట్లు చేరినవి. 2009లో ఒకటికి మించిన వ్రేళ్లను వేరువేరుగా గుర్తించి చెప్పు పద్ధతి కెర్నలులో ప్రవేశించెను. దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములో పరిశోధన చేసిన పీటర్ హుట్టరర్, ఒకే తెర మీద పెక్కు బాణపు గుర్తులను ఒకేసారి నడుపు విధానమును ఎక్స్ సర్వరులో నిర్మించెను. అదియు 2009లోనే విడుదలయ్యెను. ఎక్స్ ఇన్‌పుట్ భాగమును క్షుణ్ణముగా ఎరిగిన కొలదిమందిలో ఆయన యొకడు. తరువాతి కథలో ఆయన పేరు మరల వచ్చును.

లిబ్‌ఇన్‌పుట్ పుట్టుట

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్, ఎక్స్ వ్యవస్థకు బదులుగా నిలువదగిన క్రొత్త ఏర్పాటు నొకదానిని ఆరంభించెను. మసాచుసెట్స్ రాష్ట్రమునందలి ఒక ఊరి పేరు మీదుగా దానికి వేలాండ్ అను పేరు వచ్చెను. ఎక్స్‌లో ఏ ప్రోగ్రామైనను ఇతర ప్రోగ్రాములకు పోవు మీటల నొక్కుళ్లను చాటున వినగలదు. వేలాండ్‌లో అట్లు కాదు. ఎవరికి ఉద్దేశించిన నొక్కుడు వారికే చేరును. అందరికిని నడుమ నిలుచు ఎక్స్ సర్వరు ఇందులో ఉండదు. తెర మీది కిటికీలను కూర్చు ప్రోగ్రామే, అనగా కంపోజిటరే, పరికరముల నుండి అంకెలను నేరుగా పుచ్చుకొనవలెను.

ఇందులో ఒక అపాయము దాగియుండెను. గ్నోమ్ వారికి ఒక కంపోజిటరు, కె.డి.ఇ. వారికి ఒకటి, నమూనాగా వ్రాసిన వెస్టన్ మరియొకటి. ప్రతి యొకటియు అరచేతిని గుర్తించుట, తట్టుటను గుర్తించుట, పుట జరుపుట అను పనులను తన కొరకు తానే వ్రాసికొనవలసి యుండెను. అట్లయినచో ఒకే పలక ఒకచోట ఒక విధముగను, వేరొకచోట వేరొక విధముగను నడచును. ఒకచోట దిద్దిన తప్పు మరియొకచోట అట్లే నిలుచును. పలు భాషల సంత మరల తెరచికొనును.

2013 చివరలో యోనాస్ ఓడాల్, వెస్టన్‌లో ఇన్‌పుట్‌కు సంబంధించిన భాగమును విడదీసి, ఎవరైనను వాడుకొనదగిన లైబ్రరీగా మార్చెను. లైబ్రరీ అనగా ఇక్కడ పుస్తకములు దాచు చోటు కాదు. అనేక ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకొనదగిన సిద్ధభాగముల సముదాయము. లైబ్రరీ అను మాట పొట్టి రూపమునకు ‘ఇన్‌పుట్’ చేర్చగా లిబ్‌ఇన్‌పుట్ అయ్యెను. 2014లో తొలి విడుదల వచ్చెను. హుట్టరర్ దాని పోషణ భారమును ప్రధానముగా వహించెను. 2015 ఆగస్టులో 1.0 వెలువడెను. ఎక్స్‌ను విడువనివారి కొరకు, లిబ్‌ఇన్‌పుట్‌నే లోపల పిలుచు పలుచని డ్రైవరు నొకదానిని వ్రాసిరి. 2015 మే నెలలో వచ్చిన ఫెడోరా 22లో ఎక్స్‌కు కూడ అదే ముఖ్య డ్రైవరయ్యెను. క్రొత్త ఇంటికిని పాత ఇంటికిని ఒకే దుబాసి కుదిరెను.

లోపల జరుగు పని

ఈ లైబ్రరీ చేయు పనులలో మొదటిది కొలతలను సరిపరచుట. ఒక పలక తన వెడల్పును వేయి భాగములుగా లెక్కించినచో, మరియొకటి నాలుగు వేల భాగములుగా లెక్కించును. లిబ్‌ఇన్‌పుట్ ఆ అంకెలను మిల్లీమీటర్లలోనికి మార్చి ఆలోచించును. మనుష్యుని వ్రేలి కదలిక కంపెనీని బట్టి మారదు గనుక ఇదియే న్యాయమైన కొలత.

రెండవది కాలమును గమనించుట. వ్రేలు తాకి, సెకండులో అయిదవ వంతునకు లోపల, కదలకుండ లేచినచో తట్టుటగా గణించును. టైపు చేయుచున్నంతసేపును, ఆ తరువాత కొద్ది క్షణములును పలక మీది స్పర్శలను లెక్కచేయదు. మౌస్ బొత్తాము క్రింది స్విచ్చి అరిగినప్పుడు ఒక్కసారి నొక్కినను రెండుసార్లు నొక్కినట్లు అంకెలు వచ్చును. మనిషి వ్రేలు అంత త్వరగా రెండుసార్లు నొక్కజాలదు. ఆ సంగతిని బట్టి లైబ్రరీ రెండవ నొక్కుడును త్రోసివేయును. పాత మౌస్‌ను పారవేయకుండ మరికొంతకాలము వాడుకొనుటకు ఇది తోడ్పడును.

మూడవది అపవాదములను గుర్తుంచుకొనుట. కొన్ని పరికరములు తమను గురించి తామే తప్పు చెప్పును. అట్టి వాటి లోపములను 2018 నుండి ప్రత్యేక ఫైళ్లలో వ్రాసి యుంచుచున్నారు. లోపమున్న పరికరము పోషకుని వద్ద ఉండనక్కరలేదు. వాడుకదారు తన పరికరము పంపు అంకెలను ఒక ఫైలులో నమోదు చేసి పంపినచో, పోషకుడు తన బల్ల వద్దనే ఆ అంకెలను మరల నడిపించి తప్పును చూడగలడు. నమోదు చేయునప్పుడు పొరపాటున సంకేతపదము బయటపడకుండ, అక్షరపు మీటలన్నిటిని ఒకే అక్షరముగా మరుగుపరచు జాగ్రత్త కూడ కలదు.

చేయని పనులును చెప్పదగినవే. 37ను ‘క’గా మార్చు పట్టిక దీనిది కాదు, అది వేరొక లైబ్రరీ పని. ఆటలకు వాడు జాయ్‌స్టిక్కులను ఇది పట్టించుకొనదు. ఏలననగా ఆటలకు కావలసినవి అర్థము చెప్పిన మాటలు కాదు, ఉన్నవి ఉన్నట్లుగా అంకెలే. పుటను వదలిన తరువాత కూడ కొంత దూరము జారించు పనిని ఆయా ప్రోగ్రాములకే విడిచిపెట్టెను.

సర్దుబాట్ల వివాదము

క్రొత్త లైబ్రరీని అందరును ఆనందముతో స్వీకరింపలేదు. పాత సినాప్టిక్స్ డ్రైవరులోని సర్దుబాట్లలో అనేకము ఇందులో లేవు. వ్రేలిని గుండ్రముగా త్రిప్పి పుటను జరుపుటకు అలవాటు పడినవారికి ఆ సౌకర్యము పోయెను. బాణపు గుర్తు వేగము తమ చేతికి సరిపడుట లేదని పలువురు ఫిర్యాదు చేసిరి.

పోషకుల వాదములో లెక్క యున్నది. అవును, కాదు అను రెండే విలువలు గల సర్దుబాట్లు పది యున్నచో, వాటి కలయికలు 1,024. ఇరువది యున్నచో 10,48,576. అన్ని కలయికలను ఎవరును పరీక్షింపజాలరు. పరీక్షింపని కలయికలో తప్పు దాగియుండును. ఒక తప్పును దిద్దబోయిన వేరొక వాడుకదారుని అమరిక చెడును. కావున అవసరమైన కొలదివాటినే ఉంచి, మిగిలినవి సర్దుబాటు లేకయే సరిగా నడచునట్లు చేయుట మేలని వారి నిశ్చయము. ఎడమచేతివాటము వారికి బొత్తాములను తారుమారు చేయుట, తట్టుటను నొక్కుటగా గణించుట వంటివి నిలిచినవి.

ఎదుటి వాదములోను సత్యము కలదు. అందరికిని సరిపడు వేగమని నిర్ణయించినది ఎవరి చేతిని చూచి? వ్రేలిని త్వరగా పైకెత్తలేని వృద్ధునకు సెకండులో అయిదవ వంతు చాలకపోవచ్చును. దుబాసులు పదిమంది యున్నప్పుడు ఒకనితో పొసగనివాడు మరియొకనిని ఎన్నుకొనును. ఒక్కడే యున్నప్పుడు వాని మాటయే చెల్లును. ఈ వివాదము వ్యర్థము కాలేదు. 2023లో వచ్చిన 1.23 విడుదలలో, చేతి వేగమునకును బాణపు వేగమునకును గల సంబంధమును వినియోగదారుడే నిర్ణయించుకొను అవకాశమును చేర్చిరి. చక్రపు కథకును ఇట్టి పరిష్కారమే దొరికెను: 2021 నాటి 1.19 విడుదలలో పంటి భాగములను కూడ లెక్కించి చెప్పు పద్ధతి వచ్చి, నాలుగవ, అయిదవ బొత్తాముల మారువేషము అవసరము తగ్గెను.

జ్ఞానమును ఒకే చోట చేర్చుట వలన ఒకరు దిద్దిన తప్పు అందరికిని దిద్దబడును. ఒకరు చేసిన తప్పు అందరికిని చేరును. ఆ చోటును కాపాడువారు ఎందరు అను ప్రశ్న కూడ అప్పుడే పుట్టును. లిబ్‌ఇన్‌పుట్ మూలప్రతిని ఎవరైనను ఉచితముగా చదువవచ్చును, మార్చవచ్చును, వాడుకొనవచ్చును. అయినను దాని భారము దాదాపు తన యొక్కని మీదనే నిలిచినదని హుట్టరర్ బాహాటముగా వ్రాసియున్నాడు. లాప్‌టాప్ మీద వ్రేలు ఉంచువాడు ఆ పేరును ఎరుగడు. అరచేయి ఒరసినను వ్రాసినది చెడకుండుట, అరిగిన బొత్తాము రెండుసార్లు పలుకకుండుట సహజమని అతడు తలచును. అట్లు తలచునంతకాలము దుబాసి తన పనిని సరిగా చేయుచున్నాడని అర్థము. ఆ పనిని పంచుకొను చేతులు మరికొన్ని చేరుట మాత్రము ఇంకను జరుగవలసియున్నది.